నాలుగు షేర్లున్నవాడి ధర్మం

జర్మనీలో, నెదర్లాండ్స్ సరిహద్దుకు దగ్గర్లో, గిర్మెస్ అని ఒక బట్టల కంపెనీ ఉండేది. వెల్వెట్ నేసేవాళ్లు. 1980ల చివరికొచ్చేసరికి అప్పుల్లో పీకల దాకా మునిగిపోయింది. బ్యాంకులతో కూర్చుని మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చారు. బ్యాంకులు తమ బాకీలో కొంత వదులుకుంటాయి. అందుకు బదులుగా షేర్‌హోల్డర్లు కూడా నష్టంలో తమ వాటా భరించాలి. ఎలాగంటే, చేతిలో ఉన్న ప్రతి 5 షేర్లూ 2 అయిపోతాయి. 100 షేర్లున్నవాడికి 40 మిగులుతాయి. ఆ తర్వాత కొత్త పెట్టుబడి తెచ్చి కంపెనీని లేపి నిలబెడతారు.

జర్మనీ చట్టం ప్రకారం మూలధనాన్ని ఇలా తగ్గించాలంటే మీటింగ్‌కి వచ్చిన వాటాల్లో 75 శాతం ఒప్పుకోవాలి. కథ అడ్డం తిరిగింది అక్కడే. మదుపుదారుల కోసం పత్రిక నడిపే ఒకాయన, 5కి 2 ఇస్తే కుదరదు, 5కి 3 ఇవ్వాల్సిందేనని పట్టుబట్టాడు. తన పాఠకుల తరఫున ఓటేసే అధికారాన్ని పోగుచేసుకుని మీటింగ్‌కి వెళ్లి, తీర్మానానికి వ్యతిరేకంగా గుద్దేశాడు. తీర్మానం వీగిపోయింది. బ్యాంకులు వెనక్కి తగ్గాయి. కంపెనీ దివాలా తీసింది. 40 ఇస్తామంటే 60 కావాలని కూర్చున్నారు, ఆఖరికి దక్కింది సున్నా.

ఇంతవరకూ ఇది మొండితనం కథ. మన అపార్ట్‌మెంట్లలో లిఫ్ట్ రిపేరుకి డబ్బు కట్టమంటే గ్రౌండ్ ఫ్లోర్ ఆయన మొండికేయడం లాంటిదే. కానీ తర్వాత ఏం జరిగిందంటే, నష్టపోయిన ఇంకో షేర్‌హోల్డరు ఆ పత్రికాయన మీద కేసు వేశాడు. నీ ఓటు వల్ల నా షేర్లు చిత్తుకాగితాలయ్యాయి, నష్టం కట్టు అన్నాడు. 1995 మార్చి 20న కార్ల్స్‌రూలోని జర్మనీ ఫెడరల్ సుప్రీం కోర్టు చెప్పిన మాట యూరప్ కంపెనీ లాయర్లందరికీ ఇప్పటికీ కంఠతా ఉంటుంది: చిన్న వాటాదారుకి కూడా తోటి వాటాదారుల పట్ల విశ్వాసంగా ఉండాల్సిన బాధ్యత ఉంది. కంపెనీ చావుబతుకుల మధ్య ఉన్నప్పుడు, ఎక్కువమంది ఒప్పుకున్న సబబైన పునరుద్ధరణ ప్రణాళికను స్వార్థంతో అడ్డుకోవడానికి వీల్లేదు.

దీన్ని జర్మన్‌లో ట్రాయెఫ్లిష్ట్ అంటారు. నోరు తిరగకపోయినా పరవాలేదు, భావం ముఖ్యం. నాకున్నవి నాలుగు షేర్లే కదా, నా ఓటు నా ఇష్టం అనే మాట అక్కడ పూర్తిగా చెల్లదు.

అలాగని భయపడాల్సిన పనీ లేదు. ఓటు విషయంలో కావాలని, తెలిసి తెలిసి చెడగొట్టినప్పుడే పరిహారం కట్టాల్సి వస్తుందని అదే కోర్టు గీత గీసింది. తెలియక తప్పు ఓటు వేసినవాడిని కోర్టుకి లాగితే ఇక మీటింగ్‌కి ఎవరు వస్తారు? తీర్పులో ఇంకో మాట కూడా ఉంది, అది నాకు బాగా నచ్చింది. పది మంది ఓట్లు పోగేసుకుని వచ్చినవాడు వాళ్ల పేర్లు బయటపెట్టకపోతే, ఆ బాధ్యత అతని నెత్తినే పడొచ్చు. ముసుగు వేసుకుని ఓటేస్తే దెబ్బ ముసుగుకే తగులుతుందన్నమాట.

చిన్నవాళ్ల దాకా రాకముందే, పెద్దవాళ్ల సంగతి 1988లో తేలింది. లినోటైప్ అనే కంపెనీలో 96 శాతం వాటా ఒక్కరిదే. ఆ పెద్ద వాటాదారు కంపెనీని మూసేద్దామని తీర్మానం పెట్టి నెగ్గాడు, వ్యాపారాన్ని తానే తీసుకునేలా ముందే ఏర్పాటు చేసుకుని మరీ. 96 శాతం ఉన్నవాడు ఏ తీర్మానమైనా నెగ్గుతాడు, అది వింత కాదు. కానీ నెగ్గినంత మాత్రాన సరిపోదనీ, మిగిలిన 4 శాతం పట్ల అతనికీ విశ్వాస బాధ్యత ఉందనీ కోర్టు అంది. ఫ్రాన్స్ కోర్టులు ఇదే సంగతిని మెజారిటీ దుర్వినియోగం, మైనారిటీ దుర్వినియోగం అని రెండు పేర్లతో పిలుస్తాయి. పేర్లు వేరు, మందలింపు ఒకటే.

బాధ్యతలతో మొదలుపెట్టానేంటని అనుకోవచ్చు. కావాలనే చేశాను. షేర్ల గురించి మన దగ్గర ఏది చదివినా హక్కుల జాబితాతోనే మొదలవుతుంది: డివిడెండు, ఓటు, బోనస్. డీమ్యాట్ అకౌంట్ ఉన్న ఎవరికైనా ఏడాదికోసారి ఈ-ఓటింగ్ మెయిల్స్ వరసపెట్టి వస్తాయి. నేను కూడా చాలా ఏళ్లు వాటిని తెరవకుండానే డిలీట్ చేశాను. ఆ ఓటు వెనక ఎంత న్యాయశాస్త్రం ఉందో యూరప్ కేసులు చదివాక గానీ నాకు ఎక్కలేదు.

ఇక హక్కులకి వద్దాం. యూరోపియన్ యూనియన్‌లో ప్రతి దేశానికీ సొంత కంపెనీ చట్టం ఉంది. యూనియన్ కేంద్రం బ్రస్సెల్స్ నుంచి వచ్చే డైరెక్టివ్ అంటే నేరుగా అమలయ్యే చట్టం కాదు. ఫలానా గడువులోగా మీ చట్టాల్లో ఈ మార్పులు చేసుకోండని సభ్యదేశాలకు ఇచ్చే ఆదేశం. స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీల వాటాదారుల హక్కుల మీద ఇలాంటిది 2007లో ఒకటి వచ్చింది, 2017లో దానికి పెద్ద సవరణ వచ్చింది.

2007 నాటిది ఎందుకు అవసరమైందో అర్థం కావాలంటే, అంతకుముందు ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఉన్న ఒకాయన వేరే దేశం కంపెనీలో ఓటెయ్యాలంటే ఏం చెయ్యాలో చూడాలి. చాలాచోట్ల మీటింగ్‌కి కొన్ని రోజుల ముందు షేర్లను బ్లాక్ చేయించుకోవాలి. అంటే మీటింగ్ అయ్యేదాకా వాటిని అమ్మడానికి లేదు. ఈలోపు ధర పడిపోతే చూస్తూ కూర్చోవాలి. ఓటు కోసం షేర్లను తాకట్టు పెట్టినట్టే. బుద్ధున్న ఫండ్ మేనేజర్ ఎవడూ ఆ పని చెయ్యడు. ఓటు మానేసి, షేర్లు అమ్ముకునే స్వేచ్ఛనే ఉంచుకునేవాళ్లు.

ఆ డైరెక్టివ్ ఈ బ్లాకింగ్‌ని ఎత్తేసి రికార్డ్ డేట్ పద్ధతి పెట్టింది. మీటింగ్‌కి ముందు ఒక తేదీ పెట్టుకోవాలి, అది 30 రోజులకు మించి ముందు ఉండకూడదు. ఆ రోజు ఎవరి పేరున షేర్లుంటే ఓటు వాళ్లది. మీటింగ్ నోటీసు మామూలుగా 21 రోజుల ముందు ఇవ్వాలి. ఎజెండాలో అంశం చేర్చాలంటే ఇంత వాటా ఉండాలని దేశాలు పరిమితి పెట్టుకోవచ్చు గానీ అది 5 శాతం దాటకూడదు. ప్రశ్న అడిగే హక్కు మాత్రం ఒక్క షేరు ఉన్నవాడికీ ఉంటుంది. జర్మన్ కంపెనీల మీటింగులు పొద్దున మొదలై రాత్రి దాకా సాగడానికి ఇదే కారణం. మధ్యలో సాసేజీలు, బంగాళాదుంప సలాడ్ పెట్టడం అక్కడ రివాజు. తిండి కోసమే వచ్చే ముసలివాళ్లున్నారని జర్మన్లే జోకులేస్తారు. అడిగిన దానికి జవాబు సరిగ్గా రాలేదని తీర్మానాన్నే కోర్టులో సవాలు చెయ్యొచ్చు. ఇదే వృత్తిగా పెట్టుకుని, కేసు వేసి, రాజీకి డబ్బు గుంజేవాళ్లు కూడా తయారయ్యారు. వాళ్లకి అక్కడ ఉన్న పేరు దోపిడీ వాటాదారులు. వాళ్లకి కళ్లెం వెయ్యడానికి జర్మనీ 2005లో, మళ్లీ 2009లో చట్టం మార్చుకోవాల్సి వచ్చింది.

2017 సవరణ వెనక ఉన్న చిరాకు వేరే రకం. 2008 సంక్షోభంలో బ్యాంకులు కూలాక బ్రస్సెల్స్ పెద్దలకు తట్టిన ప్రశ్న ఇది: ఈ బ్యాంకులకు వాటాదారులున్నారు కదా, వాళ్లు ఏం చేస్తున్నారు? పెద్ద వాటాలన్నీ పెన్షన్ ఫండ్ల దగ్గర, బీమా కంపెనీల దగ్గర, ఇతరుల డబ్బును మదుపు చేసిపెట్టే ఆస్తి నిర్వాహకుల దగ్గర ఉన్నాయి. వాళ్లు మేనేజ్‌మెంట్‌ని నిలదియ్యలేదు సరికదా, తక్కువ కాలంలో ఎక్కువ లాభం కోసం తోశారు కూడా. అందుకని కొత్త నిబంధన పెట్టారు. ఈ సంస్థలు తాము పెట్టుబడి పెట్టిన కంపెనీలతో ఎలా మాట్లాడతాయో, ఎలా ఓటేస్తాయో ఒక విధానం రాసుకుని బయటపెట్టాలి. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో చెప్పాలి. పాటించు, లేదంటే కారణం చెప్పు అనే పద్ధతి ఇది. నా ఉద్దేశంలో ఇది కొంచెం పిరికి చట్టం. మా వ్యాపారానికి ఇది తగదని రెండు లైన్లు రాసినా కారణం చెప్పినట్టే అవుతుంది. కానీ దిశ గమనించండి. హక్కుల పేరు పెట్టుకున్న డైరెక్టివ్‌లోకి బాధ్యత మెల్లగా దూరింది.

డైరెక్టర్ల జీతాల విధానం మీద కనీసం 4 ఏళ్లకోసారి ఓటు, ఓటు ఎలా వెయ్యాలో సలహా ఇచ్చే సంస్థల మీద పారదర్శకత నిబంధనలు కూడా ఇందులో ఉన్నాయి. సొంతవాళ్లతో చేసే లావాదేవీల మీద నిఘా కూడా ఇక్కడే వచ్చింది. ఈ చివరిది తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. 2008 డిసెంబరు 16న సత్యం బోర్డు, ఛైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. వాటాదారుల్ని అడగలేదు. మదుపుదారులు గగ్గోలు పెట్టి అమెరికాలో షేరు కుప్పకూలడంతో కొన్ని గంటల్లోనే వెనక్కి తీసుకుంది. మూడు వారాల తర్వాత అసలు బండారం బయటపడింది. యూరప్ ఇప్పుడు అడిగేది ఏంటంటే, ఇలాంటి పెద్ద లావాదేవీని కుదిరేనాటికల్లా బయటికి చెప్పాలి, మీటింగ్‌లో గానీ బోర్డులో గానీ ఆమోదం పొందాలి, అందులో లాభం ఉన్నవాడు ఆ నిర్ణయంలో వేలు పెట్టకూడదు. ఎంత పెద్దదైతే ఈ రూలు వర్తిస్తుందో ఆయా దేశాలకు వదిలేశారు. జర్మనీ ఆస్తుల్లో 1.5 శాతం దగ్గర గీత గీసి, ఆమోదం పని పర్యవేక్షక బోర్డుకి అప్పగించింది.

పర్యవేక్షక బోర్డు అన్నాను కాబట్టి ఒక్క మాట. జర్మనీలో రోజువారీ నడిపే బోర్డు వేరు, దాని మీద కన్నేసి ఉంచే బోర్డు వేరు. 2,000 మందికి మించి ఉద్యోగులున్న కంపెనీలో ఈ రెండో బోర్డులో సగం కుర్చీలు ఉద్యోగుల ప్రతినిధులవి. ఫోక్స్‌వ్యాగన్ పర్యవేక్షక బోర్డులో 20 మంది ఉంటే 10 మంది ఉద్యోగుల వైపు వాళ్లే. షేర్‌హోల్డరే యజమాని అనుకునే మనకి ఇది కొరుకుడు పడదు.

అసలు షేర్‌హోల్డరు యజమానేనా? చిక్కుముడి మొత్తం ఈ ప్రశ్నలోనే ఉంది. దీన్ని మొదట గట్టిగా అడిగింది ఆమ్‌స్టర్‌డామ్‌లో, 400 ఏళ్ల కిందట. మచిలీపట్నంలో కోఠీ పెట్టి మన నేతగాళ్ల బట్టలు ఓడలకెత్తించిన డచ్ ఈస్టిండియా కంపెనీ, 1602 ఆగస్టులో తన డైరెక్టర్లలో ఒకడైన డిర్క్ వాన్ ఓస్ ఇంట్లో వాటాల పుస్తకం తెరిచింది. ఆ ఇంటి పనిమనిషి కూడా 100 గిల్డర్లు (అప్పటి డచ్ నాణేలు) పెట్టింది. పదేళ్లకోసారి లెక్క చెప్తామని, ప్రభుత్వం కంపెనీకిచ్చిన వ్యాపార పట్టాలో రాసుకున్నారు. 1609లోనే ఇసాక్ లె మేర్ అనే పెద్ద వాటాదారు డైరెక్టర్ల మీద ఫిర్యాదు రాశాడు. 1610లో డివిడెండు పంచారు, అదీ డబ్బుగా కాదు, జాపత్రి రూపంలో! మాకు మసాలా ఎందుకన్నవాళ్లకి తర్వాత ఇస్తామన్నారు. 1612లో చెప్పాల్సిన లెక్క చెప్పలేదు, ప్రభుత్వం కూడా సరే పొమ్మంది. 1622 నాటికి వాటాదారులు కరపత్రాలు వేసి డైరెక్టర్లను దుమ్మెత్తిపోశారు. ఆ మరుసటి ఏడాది కొత్త పట్టాలో పెద్ద వాటాదారుల నుంచి 9 మందితో ఒక నిఘా కమిటీ వచ్చింది. మచిలీపట్నం అద్దకాల లాభం ఎవరికి ఎంత పోయిందో అడిగే హక్కు కోసం జరిగిన కొట్లాట అది. ఆ అద్దకాలు వేసినవాళ్లని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదనేది వేరే సంగతి.

అదే ఊళ్లో 2017లో ఆ ప్రశ్న మళ్లీ లేచింది. డ్యూలక్స్ రంగులు చాలా ఇళ్ల గోడలకి తెలిసినవే. ఆ బ్రాండ్ వెనక ఉన్న డచ్ కంపెనీ ఆక్జో నోబెల్‌ని కొంటామని అమెరికా రంగుల కంపెనీ పీపీజీ మూడుసార్లు బేరం పెట్టింది. ఆఖరి బేరం అప్పులతో కలిపి సుమారు 2,600 కోట్ల యూరోలు. మూడుసార్లూ ఆక్జో బోర్డు కాదంది. ఉద్యోగుల భవిష్యత్తు, కంపెనీ దీర్ఘకాలిక ప్రయోజనం అంటూ కారణాలు చెప్పింది. ఇంత మంచి ధర వస్తుంటే అమ్మకపోవడమేంటని ఎలియట్ అనే అమెరికన్ ఫండ్‌కి మండింది. మరికొందరు వాటాదారులను కలుపుకుని, ప్రత్యేక మీటింగ్ పిలవండి, పర్యవేక్షక బోర్డు ఛైర్మన్ ఆంటొనీ బుర్గ్‌మాన్స్‌ని దించాలా వద్దా ఓటు పెట్టండి అని అడిగింది. కంపెనీ ఒప్పుకోలేదు. వ్యవహారం ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఎంటర్‌ప్రైజ్ ఛాంబర్‌కి చేరింది.

ఈ ఛాంబర్ ఒక విచిత్రమైన కోర్టు. కంపెనీ గొడవల కోసమే ఉంది. బెంచి మీద ముగ్గురు జడ్జీలతో పాటు వ్యాపారం, లెక్కలు తెలిసిన ఇద్దరు నిపుణులు కూర్చుంటారు. మే 29న అది ఎలియట్ కోరిన మీటింగ్ ఇప్పించడానికి ఒప్పుకోలేదు. కంపెనీ ఏ దారిలో నడవాలో నిర్ణయించేది బోర్డు, వాటాదారులు కాదు. బోర్డు వాళ్ల మాట కూడా పట్టించుకోవాలి, కానీ వాళ్లు చెప్పినట్టు ఆడక్కర్లేదు. ఛైర్మన్ని దించే హక్కు వాటాదారులకు కాగితం మీద ఉంది. కానీ ఇక్కడ దాన్ని వాడుతున్నది బోర్డు చేతిలోని నిర్ణయాన్ని దొడ్డిదారిన మార్చడానికే. మూడు రోజుల్లో పీపీజీ బేరం వదిలేసి వెళ్లిపోయింది.

లండన్‌లో అయితే కథ ఇలా ముగిసేది కాదు. అక్కడి రూల్స్ ప్రకారం ధర ముందుకొచ్చాక అమ్మాలా వద్దా తేల్చుకునేది వాటాదారులే. వాళ్లని అడక్కుండా ఆ బేరం చెడగొట్టే పని బోర్డు చెయ్యకూడదు. సముద్రం దాటితే యజమాని మారిపోతాడు. డచ్చివాళ్ల పద్ధతి నాకు కొంత పెద్దరికంగా అనిపిస్తుంది. కానీ బోర్డు తప్పు చేస్తే అడిగే దిక్కెవరన్న ప్రశ్నకి వాళ్ల దగ్గర గట్టి జవాబు లేదు.

ఫ్రాన్స్ ఇంకో దారి తొక్కింది. లొరేన్ ప్రాంతంలోని ఫ్లోరాంజ్‌లో ఆర్సెలార్‌మిట్టల్ కొలిమిలు ఆరిపోయాక, రాజకీయ దుమారం రేగి, ఆ ఊరి పేరుతోనే 2014లో ఒక చట్టం వచ్చింది. మన అనకాపల్లి జిల్లా నక్కపల్లి దగ్గర ఉక్కు ఫ్యాక్టరీ పెడతామంటున్న సంస్థలో భాగస్వామి ఈ ఆర్సెలార్‌మిట్టలే. ఆ చట్టంలో ఒక మాట: లిస్టయిన కంపెనీలో రెండేళ్లు తన పేరున షేర్లు అట్టేపెట్టుకున్నవాడికి ఒక్కో షేరుకి రెండు ఓట్లు. వద్దనుకునే కంపెనీ మీటింగ్‌లో మూడింట రెండొంతుల మెజారిటీతో తీర్మానం చేసుకోవాలి. నమ్మకంగా ఉన్నవాడికి బహుమానం అన్నమాట.

వినడానికి బాగుంది కదా? 2015 ఏప్రిల్లో ఫ్రెంచి కార్ల కంపెనీ రెనోలో ఏం జరిగిందో చూడండి. ఫ్రెంచి ప్రభుత్వానికి అందులో 15 శాతం ఉంది. నిస్సాన్‌కీ 15 శాతం ఉంది, కానీ నిస్సాన్‌లో రెనోకి 40 శాతం పైన వాటా ఉండటంతో ఫ్రెంచి చట్టం ప్రకారం నిస్సాన్‌కి ఓటు లేదు. రెనో బోర్డు ఒక షేరుకి ఒకే ఓటు ఉంచుదామని తీర్మానం పెట్టింది. అప్పటి ఆర్థికమంత్రి ఇమాన్యుయేల్ మాక్రాన్ ఆధ్వర్యంలో ప్రభుత్వం ఉన్నట్టుండి బజారులో షేర్లు కొని తన వాటాని 19.7 శాతానికి పెంచుకుంది. ఎందుకు? తీర్మానాన్ని ఓడించేంత బలం కావాలి కాబట్టి. ఏప్రిల్ 30న ఓటింగ్ జరిగింది. 60 శాతం పైగా తీర్మానానికి అనుకూలంగా ఓటేశారు. కావాల్సింది 66.7. డబుల్ ఓటు వచ్చేసింది. నిస్సాన్ మండిపడింది. నెలల తరబడి బేరసారాలయ్యాక, మామూలు అంశాల్లో ప్రభుత్వం ఓటు బలానికి పరిమితి పెడుతూ డిసెంబరులో రాజీ కుదిరింది. అదనంగా కొన్న షేర్లను ప్రభుత్వం 2017లో అమ్మేసింది. దీర్ఘకాలిక వాటాదారుల్ని గౌరవించడానికి తెచ్చిన చట్టాన్ని నిలబెట్టడానికి, ప్రభుత్వమే రెండేళ్లకని షేర్లు కొని అమ్ముకుంది. నిస్సాన్‌కి రెనోలో ఓటు 2023 నవంబరులో గానీ రాలేదు.

ఇక ఉద్యోగం చేసే కంపెనీ ఇచ్చిన షేర్లో, బ్రోకర్ ద్వారా కొన్నవో ఉన్న యూరప్ తెలుగువాళ్ల సంగతి. మీ షేరుకీ కంపెనీకీ మధ్య బ్రోకర్, బ్యాంకు, షేర్లను భద్రపరిచే కస్టోడియన్, డిపాజిటరీ అని నాలుగైదు మెట్లుంటాయి. పై మెట్టు రిజిస్టర్లో మీ పేరు ఉండకపోవచ్చు. మధ్యవాళ్లు మీటింగ్ సమాచారాన్ని సాధారణంగా అదే రోజు కిందికి పంపాలనీ, వాటాదారులెవరో చెప్పమని కంపెనీ అడిగితే చెప్పాలనీ 2020 సెప్టెంబరు నుంచి నిబంధన ఉంది. ఓటు వెయ్యాలంటే బ్రోకర్ యాప్‌లో వెతకండి, లేకపోతే వాళ్లకి రాసి అడగండి.

తేదీ మాత్రం చూసుకోండి. నెదర్లాండ్స్‌లో రికార్డ్ డేట్ మీటింగ్‌కి 28 రోజుల ముందు ఉంటుంది. ఆ మర్నాడు షేర్లన్నీ అమ్మేసినవాడు కూడా నాలుగు వారాల తర్వాత దర్జాగా ఓటేస్తాడు. అతని దగ్గర కొన్నవాడు ఊరికే చూస్తూ కూర్చుంటాడు. ఓటేసినవాడికి ఆ పూట ఆ కంపెనీలో ఒక్క షేరు కూడా ఉండదు.